మామిడిలో సీసం 0.43 వచ్చింది, లిమిట్ 0.1 అంటున్నారు... రిపోర్టు చదవడం తెలిసినవాళ్లు చెప్పండి

నూజివీడు_తోట

అందరికీ నమస్కారం. మాది నూజివీడు దగ్గర. బంగినపల్లి ఎక్కువ, చిన్నరసాలు కొన్ని చెట్లు. యూరప్‌కి కాయ పంపే ఆయన ఒకరు ఈ ఏడాది మా తోట చూసుకుని వెళ్లారు. రేటు బాగానే చెప్పారు. కాకపోతే పురుగుమందుల అవశేషాల రిపోర్టుతో పాటు హెవీ మెటల్స్ రిపోర్టు కూడా కావాలన్నారు. దగ్గర్లో ఉన్న ల్యాబ్‌లో కాయలిచ్చి వచ్చాం. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

సీసం 0.43, కాడ్మియం 0.03, రాగి 21, మాంగనీస్ 38, జింక్ 14, ఐరన్ 46, పొటాషియం 9,600. అన్నీ కిలోకి మిల్లీగ్రాముల్లో.

సీసం 0.1 దాటకూడదట. అంటే మాది నాలుగు రెట్లు ఎక్కువ. ఆయన ఫోన్ ఎత్తడం తగ్గించేశారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ కాయలే కదా మా పిల్లలు కూడా తింటున్నారు. మా తోట పక్కన ఫ్యాక్టరీ లేదు, హైవే లేదు. సీసం ఎక్కడి నుంచి వస్తుంది?

మట్టివాసన

ఎక్కడి నుంచేమిటండీ, కొట్టిన మందుల నుంచే. నేలంతా విషం చేసుకున్నాం. ప్రకృతి సేద్యంలోకి వచ్చేయండి, ఈ లోహాల గొడవే ఉండదు.

ల్యాబ్_బెంచి

తోట గారూ, కంగారు పడకండి. ముందు మూడు సంగతులు కనుక్కోండి. ఈ అంకెలు పచ్చి బరువు మీద ఇచ్చారా, ఎండబెట్టిన పొడి బరువు మీద ఇచ్చారా? కాయ కడిగి గుజ్జు మాత్రమే తీశారా, తొక్కతో సహా రుబ్బారా? ఏ మెషీన్ మీద చదివారు?

మొదటిదానికి జవాబు మీ కాగితంలోనే కనిపిస్తోంది. పొటాషియం చూడండి. 100 గ్రాముల మామిడి గుజ్జులో పొటాషియం సుమారు 170 మి.గ్రా. ఉంటుంది, అంటే కిలోకి 1,700 దరిదాపుల్లో. మీకు 9,600 వచ్చింది. అరటిపండులో కూడా కిలోకి 3,600 దాటడం అరుదు. నీళ్లన్నీ తీసేశాక తూస్తేనే 9,600 వస్తుంది. కాబట్టి ఇది పొడి బరువు లెక్క అని నా గట్టి అనుమానం.

ఎవరైనా పండు రిపోర్టు పంపిస్తే నేను సీసం గడి చూడను, ముందు పొటాషియం గడి చూస్తాను. ప్రతి పండులోనూ దండిగా ఉంటుంది, కొలవడం తేలిక, అందులో పెద్దగా తప్పు పోదు. ఆ అంకె ఎటు పడిందో చూస్తే మిగతా కాగితం దేని మీద రాశారో తెలిసిపోతుంది.

నూజివీడు_తోట

మీరన్నది నిజమే సార్. ఫోన్ చేశాను. "డ్రై వెయిట్ బేసిస్" అన్నారు. తేమ 82.4 శాతం అట. అది రిపోర్టులో ఎందుకు రాయలేదంటే మీరు అడగలేదు కదా అన్నారు.

ల్యాబ్_బెంచి

అయితే లెక్క సులువు. 82.4 శాతం నీరు పోతే మిగిలింది 17.6 శాతం. 0.43ని 0.176తో గుణించండి: 0.076. కాడ్మియం 0.03 కాస్తా 0.005 అవుతుంది. యూరప్ నిబంధనల్లో పండ్లకి సీసం 0.10, మామిడి, అరటి, బొప్పాయి, అనాసలకి కాడ్మియం 0.020. ఇవి పచ్చి బరువు మీద, కాయ కడిగాక, తినే భాగానికి మాత్రమే వర్తించే లిమిట్లు. పొడి బరువు అంకెని తెచ్చి వాటి పక్కన పెట్టి పోల్చకూడదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్‌లో కూడా పండ్లకి సీసం 0.1నే.

పటాన్‌చెరు_పిల్లగాడు

అంటే పాసైనట్టే కదా అన్నా. పార్టీ ఎప్పుడు?

కెమిస్ట్రీ_మాస్టారు

పార్టీ అప్పుడే వద్దు. ల్యాబ్_బెంచి గారు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు. తోట గారూ, ఏ మెషీన్, ఎంత శాంపిల్ తీసుకున్నారు, ఎన్ని మిల్లీలీటర్లకి చేశారు అని కనుక్కోండి. అడిగే హక్కు మీకుంది, డబ్బు కట్టారు.

నూజివీడు_తోట

అడిగాను మాస్టారూ. ఇంకో అబ్బాయి ఎత్తాడు, ఓపిగ్గా చెప్పాడు. కాయ తొక్కతో సహా ముక్కలు కోసి, ఓవెన్‌లో ఎండబెట్టి, మిక్సీ పట్టారట. అర గ్రాము పొడి, యాసిడ్‌లో కరిగించి 50 మి.లీ. చేశారట. మెషీన్ పేరు ఫ్లేమ్ ఏఏఎస్ అన్నాడు. కాయలు కడిగారా అంటే "మామూలుగా తుడిచాం" అన్నాడు.

కెమిస్ట్రీ_మాస్టారు

ఇప్పుడు అసలు విషయం బయటపడింది.

అర గ్రాము పొడిని 50 మి.లీ. చేస్తే వంద రెట్లు పలచన చేసినట్టు. పొడిలో కిలోకి 0.43 మి.గ్రా. సీసం ఉంటే ఆ ద్రావణంలో లీటరుకి 0.0043 మి.గ్రా. ఉంటుంది. ఫ్లేమ్ ఏఏఎస్ అంటే ద్రావణాన్ని మంటలోకి చిమ్మి, లోహం ఎంత వెలుతురు పీల్చుకుందో చూసే మెషీన్. అది సీసాన్ని 283.3 నానోమీటర్ల వెలుతురు దగ్గర చదువుతుంది. ఎంత బాగా సర్దిన మెషీన్ అయినా లీటరుకి 0.01 నుంచి 0.02 మి.గ్రా. కంటే కిందకి దానికి కనపడదు. అది కూడా "ఉంది" అని చెప్పడానికే. "ఇంత ఉంది" అని నమ్మకంగా చెప్పాలంటే దానికి మూడు రెట్ల పైన ఉండాలి. అంటే మీకిచ్చిన 0.43, ఆ మెషీన్ కంటికి ఆనే స్థాయిలో సగం కూడా లేదు. కూరగాయల కాటా మీద ముక్కుపుడక తూచి మిల్లీగ్రాముల్లో బరువు చెప్పినట్టుంది వ్యవహారం. అది మంట తాలూకు రొద, అంటే ఏమీ లేకపోయినా అంకె అటూఇటూ ఊగడం కావచ్చు, యాసిడ్‌లోని మురికి కావచ్చు, బీకరుది కావచ్చు. 0.076 అని మనం సంబరపడటానికీ ఆధారం లేదు, 0.43 అని భయపడటానికీ లేదు.

అలాగని ఫ్లేమ్ చెడ్డ మెషీన్ కాదు. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ఈ పద్ధతిని ప్రచురించాక ఎరువుల నుంచి ఉక్కు దాకా అన్నింటికీ వాడారు. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, జింక్, మాంగనీస్, ఐరన్‌లకి ఇప్పటికీ హాయిగా సరిపోతుంది. పండులో సీసానికీ కాడ్మియానికీ మాత్రం ఇంకా చాలా తక్కువని కూడా పట్టే మెషీన్లు, గ్రాఫైట్ ఫర్నేసో, ఐసీపీ-ఎంఎస్సో ఉండాలి.

మట్టివాసన

సరే మాస్టారూ, మరి రాగి 21? మాంగనీస్ 38? అవీ రొదేనా? మందులు కొట్టలేదంటారా?

కెమిస్ట్రీ_మాస్టారు

అవి రొద కాదు. ఫ్లేమ్‌కి అవి బాగానే కనపడతాయి. మామిడి గుజ్జులో రాగి పొడి బరువు మీద ఆరేడు ఉంటుంది, మాంగనీస్ నాలుగు చుట్టుపక్కల. కాబట్టి ఇవి ఎక్కువే. తోట గారూ, పూత సమయంలో, పిందె దశలో ఏమేం కొట్టారు?

నూజివీడు_తోట

పక్షికన్ను తెగులుకి కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒకసారి, తర్వాత మాంకోజెబ్. మా ఊళ్లో అందరూ కొట్టేవే.

కెమిస్ట్రీ_మాస్టారు

అనుకున్నాను. మాంకోజెబ్ అణువులోనే మాంగనీస్, జింక్ ఉంటాయి. బరువులో ఐదో వంతు మాంగనీసే. ఆక్సీక్లోరైడ్ సంగతి చెప్పక్కర్లేదు. కాయని నీళ్లతో కడగకుండా గుడ్డతో తుడిచి, తొక్కతో సహా రుబ్బితే రిపోర్టులో కనపడేది పండు పోషకం కాదు, మీ స్ప్రే డైరీ. ఐరన్ 46 కూడా అలాంటిదే. గుజ్జులో ఉండవలసింది తొమ్మిదో పదో. మిగతాది తొక్క మీది ఎర్రమట్టి దుమ్ము, ఇంకా ఆ మిక్సీ బ్లేడు. స్టీలు బ్లేడు అరిగితే ఐరన్, క్రోమియం, నికెల్ మూడూ రాలతాయి. అందుకే ఈ పనికి సిరామిక్ కత్తి వాడతారు.

మట్టివాసన గారూ, మీ ఆవేదన అర్థమవుతుంది, కానీ ఎరువు సేంద్రియమైతే లోహాలుండవనుకోవడం సరికాదు. సిటీ కంపోస్టుకి మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోనే సీసం కిలోకి 100 మి.గ్రా., కాడ్మియం 5, ఆర్సెనిక్ 10 అని లిమిట్లు పెట్టారంటే ఎందుకు? ఊరి చెత్తలో బ్యాటరీలు, పెయింటు పెచ్చులు వస్తాయి కాబట్టి. అటు రసాయన ఎరువుల్లోనూ ఉంది. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ తయారయ్యే రాతి ఫాస్ఫేట్‌తో పాటు కాడ్మియం వస్తుంది. ఏ గనిదన్న దాన్ని బట్టి ఎక్కువ తక్కువలు. ఎటువైపూ పూర్తిగా పవిత్రులు లేరు.

మట్టివాసన

మా కంపోస్టు మా పశువులదే, సిటీది కాదు. అయినా మీరు చెప్పింది కాదనను.

పటాన్‌చెరు_పిల్లగాడు

మాస్టారూ, నా డౌటు వేరే. మా దగ్గర నక్కవాగు పక్కన జామతోటలున్నయి. చిన్నప్పటి నుంచి వాగు రంగులు మారుడు చూసినోళ్లం. జామకాయ తొక్కతోనే తింటం కదా. తినొచ్చా, వద్దా?

ల్యాబ్_బెంచి

తమ్ముడూ, అక్కడి కాయ కొలవకుండా నేను తినమనీ చెప్పను, వద్దనీ చెప్పను. సాధారణంగా జరిగేది మాత్రం చెబుతాను. మట్టిలోని సీసం చాలా వరకు వేరు దగ్గరే ఆగిపోతుంది, చెట్టెక్కి కాయ దాకా వచ్చేది బహు తక్కువ. కాయ మీద దొరికే సీసంలో ఎక్కువ భాగం పైన పడ్డ దుమ్ముదే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది గానీ అంతకు ముందు రోడ్ల పక్కన మట్టిలో దిగిన సీసం ఎక్కడికీ పోలేదు, గాలికి లేస్తూనే ఉంటుంది. నీళ్లలో బాగా రుద్ది కడిగితే ఆ భాగం చాలా వరకు పోతుంది. కాడ్మియం తీరు వేరు, అది మొక్కలో సులువుగా కదులుతుంది. అయినా వాగు నీళ్లు పారే చోట నేను ముందు అనుమానించేది పండ్లని కాదు, ఆకుకూరల్ని. పాలకూర, తోటకూర ముందు పరీక్షకి పంపాలి, జామ తర్వాత.

డాలస్_అమ్మ

మధ్యలో వస్తున్నాను, సారీ. మా పాపకి ఏడు నెలలు. ఇండియన్ స్టోర్‌లో దొరికే డబ్బా మామిడి గుజ్జు పెట్టొచ్చా? ఇక్కడ 10 పీపీబీ అంటున్నారు, మీరేమో 0.1 అంటున్నారు. రెండూ ఒకటేనా?

ల్యాబ్_బెంచి

ఒకటి కాదమ్మా. పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. 0.1 మి.గ్రా./కిలో అంటే 100 పీపీబీ. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో రెండేళ్లలోపు పిల్లల కోసం తయారు చేసి అమ్మే పండ్ల గుజ్జులాంటి వాటికి 10 పీపీబీ అని గీత గీసింది. పది రెట్లు కఠినం. పెద్దవాళ్ల కోసం అమ్మే డబ్బా గుజ్జుకి ఆ గీత వర్తించదు, పైగా చాలా డబ్బాల్లో చక్కెర కలిపి ఉంటుంది. పాపకి తాజా పండు కడిగి, తొక్క తీసి, మెదిపి పెట్టడం మేలు. ఎప్పటి నుంచి, ఎంత పెట్టాలన్నది మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.

ఇంకో మాట. 2023లో అక్కడే యాపిల్ గుజ్జు ప్యాకెట్లు తిని పిల్లల రక్తంలో సీసం పెరిగిన ఉదంతం గుర్తుందా? తీగ లాగితే తప్పు యాపిల్‌ది కాదు, అందులో కలిపిన దాల్చినచెక్క పొడిదని తేలింది. సీసంతో పాటు క్రోమియం కూడా దొరకడంతో పసుపురంగు లెడ్ క్రోమేట్ కలిపి ఉంటారని అనుమానించారు. పండు కంటే పండులో కలిపేవాటి మీదే నాకు అనుమానం ఎక్కువ.

డాలస్_అమ్మ

థాంక్యూ అండీ. డబ్బా పక్కన పెట్టేస్తున్నా. అది పెద్దవాళ్ల మ్యాంగో లస్సీకి.

సీతాఫలం_స్కాలర్

నమస్తే. నేను ఫుడ్ సైన్స్‌లో పీహెచ్‌డీ. సీతాఫలం, సపోటా, మామిడిలో ఖనిజాలు కొలుస్తున్నాను. మీ అందరినీ ఒకటి అడగాలి. గుజ్జు 65 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఓవెన్‌లో పెట్టినా పొడి కావడం లేదు. మామిడైతే అచ్చంగా తాండ్ర అయిపోయి పెట్రీ డిష్‌కి అతుక్కుపోతోంది. గీరి తూచేలోపు గాలిలో తేమ పీల్చేసుకుంటుంది. త్రాసు మీద అంకె కళ్ల ముందే పెరుగుతోంది. మా గైడ్ గారు 550 డిగ్రీల్లో బూడిద చేసేయమంటున్నారు.

కెమిస్ట్రీ_మాస్టారు

అమ్మాయ్, అంత చక్కెర ఉన్నప్పుడు తాండ్ర కాక ఏమవుతుంది! పొడి చేసే ప్రయత్నమే మానెయ్. గడ్డకట్టించి నీరు లాగే ఫ్రీజ్ డ్రైయర్ ఉంటే సరే, లేకపోతే పచ్చి గుజ్జునే నేరుగా యాసిడ్‌లో కరిగించు. తేమ వేరే గిన్నెలో, వేరే భాగంతో కొలుచుకో.

రెండు గ్రాముల పచ్చి గుజ్జు తీసుకుని 25 మి.లీ. చేశావనుకో. కిలోకి 0.1 మి.గ్రా. సీసం ఉంటే రెండు గ్రాముల్లో 0.2 మైక్రోగ్రాములు, అంటే ద్రావణంలో లీటరుకి 8 మైక్రోగ్రాములు. గ్రాఫైట్ ఫర్నేసుకి అది చక్కగా కనపడుతుంది. ఐసీపీ-ఎంఎస్‌కైతే చెప్పనే అక్కర్లేదు.

బూడిద పద్ధతి కాల్షియం, మెగ్నీషియం, మాంగనీస్‌లకి పర్వాలేదు. సీసం, కాడ్మియం కూడా చూస్తున్నావా? 500 డిగ్రీలు దాటితే అవి కొంత ఆవిరైపోతాయి. పాదరసమైతే ఒక్క చుక్క మిగలదు. అప్పుడు "మా పండులో లోహాలు లేవు" అని థీసిస్‌లో రాసుకుంటాం, ఉన్నవి పొగ గొట్టంలో పోయుంటాయి.

సీతాఫలం_స్కాలర్

మూడూ చూడాలి సార్. మూసిన పాత్రలో యాసిడ్‌తో శాంపిల్ కరిగించే మైక్రోవేవ్ డైజెస్టర్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంది. నైట్రిక్, పెర్క్లోరిక్ యాసిడ్లు కలిపి చేయమని పాత థీసిస్‌లో ఉంది.

ల్యాబ్_బెంచి

మూసి ఉన్న పాత్రలో పెర్క్లోరిక్ అసలు వద్దు! చక్కెర, పెర్క్లోరిక్, వేడి కలిస్తే పేలుతుంది. అతిశయోక్తి కాదు. పాతవాళ్లు తెరిచిన బీకరులో, ముందు నైట్రిక్‌తో చక్కెరంతా కాల్చాక, పొగని బయటికి లాగడానికని కట్టిన ప్రత్యేక హుడ్ కింద చేసేవారు. నువ్వు నైట్రిక్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సరిపెట్టుకో.

నైట్రిక్ పోయగానే మూత బిగించకు. ముందు చిన్నగా బుసబుసమంటుంది, తర్వాత ఇటుకరంగు పొగ లేస్తుంది. రాత్రంతా హుడ్‌లో మూత వదులుగా పెట్టి ఉంచు. పొగ తగ్గి, నురగ అణిగాక పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోసి, అప్పుడు బిగించి 180 నుంచి 200 డిగ్రీల దాకా మెల్లగా ఎక్కించు. తొందరపడి బిగిస్తే ప్రెజర్ ఎక్కి వాల్వు తెరుచుకుంటుంది, శాంపిల్ సగం బయట.

యాసిడ్ కొనేటప్పుడు పిసినారితనం చూపకండి. కింది గ్రేడు యాసిడ్‌లోనే పీపీబీల్లో సీసం ఉంటుంది. సామాన్లన్నీ ముందు రోజు పది శాతం నైట్రిక్‌లో నానబెట్టాలి. పౌడరు పూసిన గ్లోవ్స్ వేసుకుంటే జింక్ ఎక్కడి నుంచి వచ్చిందా అని వారం వెతుక్కుంటారు. ప్రతి బ్యాచ్‌లో శాంపిల్ లేని ఉత్త యాసిడ్ పాత్ర ఒకటి, విలువలు ముందే తెలిసిన ప్రామాణిక పదార్థం ఒకటి నడపాలి. పండ్ల పనికి చాలామంది అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్ల యాపిల్ ఆకుల పొడి, 1515 నంబరుది వాడతారు. దాంట్లో సీసం కిలోకి 0.470 మి.గ్రా. అని సర్టిఫికెట్ ఉంది. నీ చేతిలో 0.47 వస్తే నీ మామిడి అంకెని నమ్ముతాం. 0.8 వస్తే ముందు బీకర్లు కడుక్కో.

కెమిస్ట్రీ_మాస్టారు

దానికి తోడు: కాల్షియం ఫ్లేమ్‌లో చదివేటప్పుడు లాంథనమ్ క్లోరైడ్ కలుపు, లేకపోతే పండులోని ఫాస్ఫేట్ దాన్ని పట్టుకుని వదలదు, తక్కువ చూపిస్తుంది. పొటాషియానికి సీజియం. ఆర్సెనిక్ ఐసీపీ-ఎంఎస్ మీద చూస్తే హైడ్రోక్లోరిక్ దగ్గరికి రానీయకు. మెషీన్‌లోని ఆర్గాన్, ఆ యాసిడ్‌లోని క్లోరిన్ కలిసి సరిగ్గా ఆర్సెనిక్ బరువు 75 దగ్గరే కూర్చుంటాయి. లేని విషం ఉన్నట్టు కనపడుతుంది. మెషీన్‌లో ఆ జంటని అడ్డుకునే హీలియం సెల్ ఉంటే ఆన్ చేసుకో.

పోల్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి. ఖనిజాలతో పాటు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ గళ్లు కూడా ఉన్నాయి. అన్నీ తినే భాగానికి, పచ్చి బరువు మీదే.

పటాన్‌చెరు_పిల్లగాడు

ఆర్సెనిక్ అంటే గుర్తొచ్చింది. కార్బైడ్‌తో మాగబెట్టిన పండుని ఈ టెస్టుతో పట్టుకోవచ్చా?

ల్యాబ్_బెంచి

చాలామంది అలాగే అనుకుంటారు. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి, తేమ తగిలితే విషవాయువులుగా లేస్తాయి. ముందు దెబ్బ తగిలేది గోడౌన్‌లో పెట్టెలు మోసేవాళ్లకి. గుజ్జులో ఆర్సెనిక్ అంకె చూసి "ఇది కార్బైడ్ కాయ" అని తేల్చడం మాత్రం కష్టం, మట్టి నుంచీ నీళ్ల నుంచీ కొంత వస్తుంది కదా. అందుకే అధికారులు పండుని కాక పెట్టెల మధ్య పొట్లాలు దొరుకుతాయేమో చూస్తారు. అనుమతి ఉన్నది ఎథిలీన్ గ్యాస్‌కి, 100 పీపీఎం వరకు.

నూజివీడు_తోట

ఇంత చర్చ జరుగుతుందనుకోలేదు. అప్‌డేట్ ఇస్తున్నాను. హైదరాబాద్‌లో, ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపించాం. గుర్తింపు పత్రంలో "పండ్లు, సీసం, ఐసీపీ-ఎంఎస్" అన్న లైను ఉందో లేదో కూడా చూడమని ల్యాబ్_బెంచి గారు మెసేజ్‌లో చెప్పారు, చూశాను, ఉంది. తోటలో ఒక మూల నుంచి కాకుండా అన్ని వరుసల నుంచి కాయలు కోసి, కొత్త సంచుల్లో పంపాం. కడిగి, తొక్క తీసి, పచ్చి బరువు మీద ఇవ్వమని కాగితం మీద రాసిచ్చాం. తొక్క విడిగా చేయించాం, ఉత్సుకత కొద్దీ.

గుజ్జు: సీసం "0.02 కంటే తక్కువ", కాడ్మియం "0.005 కంటే తక్కువ". రాగి 1.2, మాంగనీస్ 0.9, ఐరన్ 2, పొటాషియం 1,720.

కడగని తొక్క: సీసం 0.06, రాగి 11, మాంగనీస్ 19.

ఎగుమతి ఆయనకి వాట్సాప్ చేశాను. గంటలో ఫోన్ వచ్చింది. రేటు మాత్రం కేజీకి రెండు రూపాయలు తగ్గించి మాట్లాడుతున్నాడు, మొదటి రిపోర్టు సాకు చూపించి.

కెమిస్ట్రీ_మాస్టారు

చాలా సంతోషం. "కంటే తక్కువ" అని రాశారు చూశారా, సున్నా అని రాయలేదు. అది మంచి ల్యాబ్ లక్షణం. రేటు తగ్గించవద్దు. మొదటి రిపోర్టులో పద్ధతి, బేసిస్, కొలవగలిగిన కనిష్ఠం మూడూ లేవు, దాన్ని బేరానికి వాడే అర్హత లేదని చెప్పండి.

మట్టివాసన

తొక్క అంకెలు చూస్తే కోతకి ముందు ఆ రెండు మందులూ ఎన్ని రోజుల ముందు ఆపారో చెప్పగలరా తోట గారూ? వెటకారం కాదు, మా అన్నయ్య తోటలో కూడా అవే కొడుతున్నాడు.

నూజివీడు_తోట

లేబుల్ మీద ఉన్న గడువు పాటించామండీ. కానీ ఈసారి మా వైపు పిందె దశ తర్వాత చెప్పుకోదగ్గ వాన పడలేదు, తొక్క మీద తెల్లమచ్చలు అలాగే ఉండిపోయాయి. వచ్చే ఏడాది కోత అయ్యాక కాయల్ని నీళ్లలో ముంచి తీసే తొట్టి కట్టిస్తున్నాం. సొన కూడా పోతుంది.

సీతాఫలం_స్కాలర్

మాస్టారూ, చివరి ప్రశ్న. బొప్పాయిలో బోరాన్ కూడా చేయమన్నారు. ఉత్త యాసిడ్ పాత్రలోనే బోరాన్ బోలెడు వస్తోంది. నీళ్లు మార్చాను, యాసిడ్ మార్చాను.

కెమిస్ట్రీ_మాస్టారు

బీకరు మార్చావా? అది బోరోసిలికేట్ గాజు, బోరాన్ దాంట్లోంచే దిగుతోంది. టెఫ్లాన్ పాత్రలో చెయ్, 200 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది. కరిగించాక ప్లాస్టిక్ సీసాలో పోసి ఉంచు, మళ్లీ గాజు ఫ్లాస్కులో వాల్యూమ్ కట్టకు.